గుర్రానికి కళ్ళజోడు ఉంటుందా?

టెట్‌కో డీఎస్సీకో పుస్తకం పట్టినవాళ్ళకు సిగ్మండ్ ఫ్రాయిడ్ పరిచయం అక్కర్లేని మనిషి. మనసులో భాగాలు మూడు: అచిత్తు, అహం, అధ్యహం. పిల్లల ఎదుగుదలలో దశలు అయిదు. ఆ తరువాత రక్షక తంత్రాల పట్టిక. ‘అందని ద్రాక్షపళ్ళు పుల్లన’ ఏ తంత్రం కిందికి వస్తుందని నిద్రలో లేపి అడిగినా ‘హేతుకీకరణం’ అనేసి మళ్ళీ పడుకోగలరు. ఒక మార్కు. యూరప్‌లో పండితులు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేసేదాకా వెళ్ళిన గొడవ మన దగ్గర నాలుగు ఆప్షన్ల మధ్య సర్దుకుపోయింది.

బిట్లలో ఇమడని ప్రశ్న ఒకటుంది. పిల్లల మనసు గురించి అంత నమ్మకంగా చెప్పిన ఈ పెద్దమనిషి ఎంతమంది పిల్లల మనసులకు వైద్యం చేశాడు? నరాల జబ్బులున్న పిల్లల్ని ఏళ్ళ తరబడి చూసిన మాట నిజమే. పిల్లల్లో వచ్చే పక్షవాతం మీద పెద్ద గ్రంథమే రాశాడు. కానీ 1905లో లైంగికత మీద మూడు వ్యాసాలు ప్రచురించి, బాల్యానికి కొత్త పటం గీసేనాటికి ఆయన దగ్గరున్న సరుకంతా పెద్దవాళ్ళ జ్ఞాపకాలే. వియన్నాలో బెర్గాసె వీధి 19వ నంబరు ఇంట్లో, సోఫా మీద పడుకుని పెద్దవాళ్ళు తమ చిన్నతనం గురించి చెప్పుకున్న కబుర్లు. మన చిన్ననాటి సంగతులు మనం ఎంత కచ్చితంగా చెప్తామో ఏ పెళ్ళిలోనైనా నలుగురు అన్నదమ్ముల్ని ఒకచోట కూర్చోబెడితే తెలుస్తుంది.

సైకోడైనమిక్ దృక్పథం అనేదాని సారం చెప్పడం కష్టమేమీ కాదు. మనం చేసే పనులకు కారణాలన్నీ మనకు తెలిసి ఉండవు. మనసులో ఒకదానికొకటి పొసగని కోరికలు ఒకేసారి ఉంటాయి. ఆ పేచీ ఎలా తీరిందన్నదాన్ని బట్టి, అందులోనూ మొదటి అయిదారేళ్ళలో ఎలా తీరిందన్నదాన్ని బట్టి మనిషి స్వభావం కుదురుకుంటుంది. తీరకుండా అణిగిపోయిన పేచీ ఏదో ఒక వేషంలో మళ్ళీ బయటికి వస్తుంది. వినడానికి ఇందులో అభ్యంతరం చెప్పాల్సింది పెద్దగా లేదు. అభ్యంతరాలన్నీ వివరాల్లోకి దిగాక మొదలవుతాయి. అందుకే ఒక్క పిల్లవాడి వివరాల్లోకి దిగుదాం. ఫ్రాయిడ్ తన సిద్ధాంతానికి సజీవ సాక్ష్యంగా ప్రపంచం ముందు నిలబెట్టిన పిల్లవాడే వాడు.

మాక్స్ గ్రాఫ్ వియన్నాలో సంగీత విమర్శకుడు. బుధవారం రాత్రుళ్ళు ఫ్రాయిడ్ ఇంట్లో జరిగే గోష్ఠికి వెళ్ళేవాడు. భార్య ఓల్గా ఒకప్పుడు ఫ్రాయిడ్ దగ్గర చికిత్స చేయించుకుంది. వాళ్ళకు 1903లో హెర్బర్ట్ పుట్టాడు, 1906లో చెల్లెలు పుట్టింది. పిల్లల మీద తమ గమనికలు రాసి ఇవ్వమని ఫ్రాయిడ్ శిష్యులందరినీ అడుగుతుండేవాడు. గ్రాఫ్ మిగతావాళ్ళకంటే శ్రద్ధగా రాశాడు. కొడుకు ఏమన్నాడు, ఏం కలగన్నాడు, ఒంటి గురించి ఏ ప్రశ్నలు వేశాడు, అన్నీ రాసి పంపాడు. ఈ స్నేహం ఎంత దగ్గరిదంటే, వాడి మూడో పుట్టినరోజుకు ఫ్రాయిడ్ ఊగే చెక్కగుర్రం ఒకటి బహుమతిగా తెచ్చాడని గ్రాఫ్ తరువాతెప్పుడో రాసుకున్నాడు. ఫ్రాయిడ్ రాసిన కేసులో మాత్రం తానిచ్చిన ఆ బహుమతి ఊసు లేదు. ఎందుకో ముందు ముందు మీరే ఊహించుకోవచ్చు.

1908 జనవరిలో, ఇంకా అయిదేళ్ళు నిండకముందే, హెర్బర్ట్ వీధిలోకి వెళ్ళనని మొరాయించాడు. ఆయాతో పార్కుకి బయలుదేరినవాడు దారిలో ఏడుపు లంకించుకుని అమ్మ దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు. మర్నాడు తల్లే వెంట వెళ్ళింది. అయినా భయం పోలేదు. ఇంటికొచ్చాక చెప్పాడు: గుర్రం కరుస్తుందేమోనని. ఆనాటి వియన్నాలో గుర్రమంటే భయమనడం ఈనాటి హైదరాబాదులో బైకులంటే భయమనడం లాంటిది. ఇక బయటికి అడుగు పెట్టే దారి లేదు. వాళ్ళ ఇంటి ఎదురుగా సుంకాల ఆఫీసు గిడ్డంగి. బరువెక్కిన బళ్ళు రోజంతా ఆ గేటులోకి మలుపు తిరుగుతూ ఉండేవి. పిల్లవాడి భయంలో సూక్ష్మాలు చాలా ఉన్నాయి. ఖాళీ బండి కంటే నిండు బండి ఎక్కువ భయం. చిన్న గుర్రం కంటే పెద్ద గుర్రం ఎక్కువ భయం. ఆగి ఉన్న బండి కదలబోతుంటే భయం. గుర్రాల నోటి చుట్టూ నల్లగా ఉండేదేదో, వాటి కళ్ళ ముందు కట్టేదేదో, అవి మరీ భయం.

చికిత్స చేసింది తండ్రే. వాడితో మాట్లాడటం, రాసుకోవడం, ఫ్రాయిడ్‌కు పంపడం, ఆయన సలహా తీసుకుని వచ్చి మళ్ళీ మాట్లాడటం. దాదాపు నాలుగు నెలల ఈ వ్యవహారంలో ఫ్రాయిడ్ పిల్లవాణ్ణి వైద్యుడిగా చూసింది ఒకే ఒక్కసారి, మార్చి 30న. ఆ భేటీని దగ్గరగా చూడాలి. తండ్రీ కొడుకులు పక్కపక్కన కూర్చున్నారు. కళ్ళ ముందు కట్టేది, నోటి చుట్టూ నలుపు అన్న మాటలు మళ్ళీ వచ్చేసరికి ఫ్రాయిడ్‌కు ఏదో తట్టింది. నీ గుర్రాలకు కళ్ళజోడు ఉంటుందా అని తమాషాగా అడిగాడు. ఉండదన్నాడు పిల్లవాడు. మరి మీ నాన్నకు ఉందా? లేదన్నాడు, నాన్న కళ్ళజోడు పెట్టుకుని పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆ నలుపు మీసమా అని అడిగి, ఆ పైన ఫ్రాయిడ్ విషయం విప్పి చెప్పాడు. నీకు అమ్మ అంటే చాలా ఇష్టం గనక నాన్నకు నీ మీద కోపం ఉంటుందని భయపడుతున్నావు, అదేమీ నిజం కాదు, నువ్వు పుట్టకముందే ఇలాంటి పిల్లవాడు ఒకడు వస్తాడని నాకు తెలుసు, అన్నాడు. ఇంటికి వెళ్ళే దారిలో పిల్లవాడు తండ్రిని ఒక ప్రశ్న వేశాడు. అన్నీ ముందే తెలియాలంటే ఆ ప్రొఫెసరు దేవుడితో మాట్లాడతాడా అని. ఫ్రాయిడ్ ఆ ప్రశ్నను దాచలేదు, అచ్చు వేశాడు. సరదా పడ్డాడు కూడా. మీద పడాల్సిన చురక తగలలేదనే అనుకోవాలి.

1909లో అచ్చయిన కేసులో హెర్బర్ట్‌కు పెట్టిన పేరు హాన్స్. మనస్తత్వశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో ‘లిటిల్ హాన్స్’గా ఇప్పటికీ అయిదేళ్ళవాడిగానే ఉండిపోయాడు.

గుర్రమే ఎందుకు? ఈ పద్ధతిలోని తెలివి బాగా కనిపించేది ఈ జవాబులోనే. అమ్మ తన ఒక్కడికే కావాలి, నాన్న అడ్డం లేకపోతే బాగుండు: ఫ్రాయిడ్ ఈడిపస్ పేరు పెట్టిన కోరిక ఇదే. కానీ నాన్నంటే ప్రేమ కూడా ఉంది, ఆయన ఇంట్లోనే ఉంటాడు, పొద్దున లేస్తే ఎదురుపడతాడు. ఒకే మనిషిని ప్రేమిస్తూ, అతను పోవాలనుకుంటూ, అతనికి భయపడుతూ ఒకే ఇంట్లో కాపురం చేయడం పెద్దవాళ్ళకే కష్టం. అందుకని భయం నాన్న మీద నుంచి గుర్రం మీదికి జరిగింది. గుర్రంలో సౌకర్యం ఉంది: అది వీధిలో ఉంటుంది. బయటికి వెళ్ళకపోతే చాలు. బయటికి వెళ్ళకపోతే రోజంతా అమ్మ దగ్గరే ఉండొచ్చు. అంటే భయమనే జబ్బు పిల్లవాడికి కోరికలో కొంత, రక్షణలో కొంత ఇచ్చి రాజీ కుదిర్చింది. ఊళ్ళో పెద్దమనిషి తగువు తీర్చినట్టే. ఎవరికీ పూర్తిగా న్యాయం జరగలేదు గానీ ఆ రోజుకి ఎవరూ కొట్టుకోలేదు. 1923లో ఫ్రాయిడ్ ఇడ్, ఈగో, సూపర్ ఈగో (మన బిట్లలోని అచిత్తు, అహం, అధ్యహం) అని విడదీసి చెప్పినప్పుడు ఆ పెద్దమనిషి పాత్ర ఈగోది. కోరుకునేది ఇడ్, గద్దించేది సూపర్ ఈగో. వీటిని తలకాయలో మూడు గదులుగా బొమ్మ గీయడం తరువాతివాళ్ళ సరదా. ఫ్రాయిడ్‌కు అవి ముగ్గురు పేచీకోర్లు.

1926లో ఆయన ఇదే కేసును మళ్ళీ తిరగేసి తన పాత మాట సవరించుకున్నాడు. అణిచిపెట్టిన కోరిక పులిసి భయంగా మారుతుందని మొదట అన్నాడు. భయమే ముందు వస్తుంది, ఆ భయం వల్లే కోరికను అణిచిపెడతాం అని తరువాత అన్నాడు. ఫ్రాయిడ్ అన్న మాట మార్చడని, శిష్యులు అన్న మాట ఒప్పుకోడని పేరు గానీ, మాట మార్చిన సందర్భాలు తక్కువేం కాదు. ఒప్పుకోని సందర్భాలే గుర్తుండిపోయాయి.

ఈ కేసు నివేదిక చదివితే సిద్ధాంతం కంటే పిల్లవాడే ముందు గుర్తుంటాడు. చెల్లెలు లేకపోతే బాగుండునని ఒకసారి అన్నాడు. మంచి పిల్లలు అలా కోరుకోరు అన్నాడు తండ్రి. కోరుకోకూడదేమో గానీ అనుకోవచ్చు కదా అన్నాడు వీడు. అనుకోవడం కూడా మంచిది కాదని తండ్రి. అనుకుంటే మంచిదే, ప్రొఫెసరుకు రాసి పంపొచ్చు కదా అని వీడు. ఇది చదివి ఫ్రాయిడ్ అడుగున ఒక గమనిక రాసి పిల్లవాడికి శభాష్ అన్నాడు. పెద్దవాళ్ళలో కూడా సైకోఅనాలిసిస్ ఇంతకంటే బాగా అర్థమైనవాళ్ళు ఉండరన్నాడు. ఇంకొకటి, చికిత్స చివర్లో చెప్పిన కథ. వీడు నాన్న అవుతాడట, అమ్మ వీడి పిల్లలకు అమ్మ అవుతుందట, నాన్న ఆ పిల్లలకు తాత అవుతాడట. మరి నాన్న ఒంటరివాడు అవుతాడే? అవడు, ఆయనకు ఆయన అమ్మ ఉంటుంది. ఈడిపస్ నాటకంలో చావులూ గుడ్డితనాలూ లేకుండా కథను ఇంత శుభంగా ముగించిన రచయిత మరొకరు లేరు.

ఇక దశల సంగతి. నోటితో లోకాన్ని తెలుసుకునే మొదటి ఏడు మౌఖిక దశ, శౌచం అలవాటు చేసే రోజులు రెండో దశ, హాన్స్ వయసు మూడోది, బడికి వెళ్ళే రోజుల్లో అంతా సద్దుమణిగే గుప్త దశ, కౌమారంతో చివరిది. ఏ దశలో తక్కువైనా ఎక్కువైనా మనిషి అక్కడే కొంత ఇరుక్కుపోతాడన్నది ఆలోచన. రెండోదాంట్లో ఇరుక్కున్నవాడు పొదుపరి, మొండి, అన్నీ వరసలో ఉండాలనేవాడు అవుతాడని ఫ్రాయిడ్ 1908లో రాశాడు. ఈ మూడు గుణాలూ ఒకే మనిషిలో జతకట్టడం నిజంగానే తరచూ కనిపిస్తుంది. మన బంధువుల్లోనే ఒకరుంటారు. అయితే శౌచం నేర్పిన తీరుకీ పెద్దయ్యాక పీనాసితనానికీ ముడి పెట్టే ఆధారం మాత్రం తరువాత వెతికినవాళ్ళకు దొరకలేదు. మొదటి దశలో ఇరుక్కున్నవాళ్ళు నోట్లో ఏదో ఒకటి లేకుండా ఉండలేరన్న మాటకొస్తే, దవడకు క్యాన్సర్ వచ్చి ఆపరేషన్ల మీద ఆపరేషన్లు అయినా చుట్ట వదలలేకపోయిన ప్రముఖుడు ఒకాయన వియన్నాలోనే ఉండేవాడు. ఆయన దాన్ని విశ్లేషించుకోవడానికి పెద్దగా ఉత్సాహపడలేదు.

తల్లి, తండ్రి, కొడుకు ఉన్న ఈ వియన్నా ఇంటిని లోకమంతటికీ నమూనాగా తీసుకోవచ్చా? 1927లో మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ కుదరదన్నాడు. ట్రోబ్రియాండ్ దీవుల్లో పిల్లవాణ్ణి అదుపులో పెట్టేది తండ్రి కాదు, మేనమామ. పిల్లవాడి కోపం కూడా ఆయన మీదికే పోతుంది. మేనమామ అంటే లాలించి, చెవులు కుట్టించి, పిల్లనిచ్చే మనిషిగా ఎరిగిన మనకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. ఎక్కడి ఇల్లు అక్కడిది. కలకత్తాలో 1922లో భారతీయ సైకోఅనలిటిక్ సొసైటీని స్థాపించిన గిరీంద్రశేఖర్ బోస్ ఫ్రాయిడ్‌తో ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిపాడు. ఫ్రాయిడ్ డెబ్భై అయిదో పుట్టినరోజుకు దంతపు విష్ణుమూర్తిని పంపాడు. తన దగ్గరికొచ్చే భారతీయ రోగుల్లో తండ్రి శిక్షిస్తాడన్న భయం యూరప్ రోగుల్లో ఉన్నంత స్పష్టంగా కనిపించడం లేదని కూడా మర్యాదగానే రాశాడు. ఫ్రాయిడ్ అంతే మర్యాదగా దాన్ని పక్కన పెట్టాడు. విష్ణుమూర్తి మటుకు బల్లమీదికి చేరాడు. తరువాత సైకోఅనలిస్ట్ సుధీర్ కకర్ 1978లో భారతీయ బాల్యం మీద రాసిన పుస్తకంలో తల్లి ఒడిలో ఏళ్ళ తరబడి పెరిగిన కొడుకును అయిదేళ్ళప్పుడు ఒక్కసారిగా మగవాళ్ళ లోకంలోకి తోసెయ్యడమే ఇక్కడి అసలు ఘట్టం అన్నాడు. ఆయన చూసిన బాల్యం ఎక్కువగా పైకులాల హిందూ మగపిల్లలది అన్న విమర్శ వచ్చింది, అది సబబే. మన దగ్గర ఈ ఆలోచనలు ఆస్పత్రుల కంటే ముందు నవలల్లోకి వచ్చాయి. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధికి తల్లి గురించి లోకం అనే మాటలు జీవితమంతా నీడలా వెంటపడతాయి. ఆడవాళ్ళతో అతని సంబంధాలన్నీ ఆ నీడలోనే నడుస్తాయి. విమర్శకులు అక్కడ ఫ్రాయిడ్‌ను తలచుకోవడంలో వింత లేదు.

మళ్ళీ హాన్స్ దగ్గరికి వద్దాం, ఈసారి సాక్ష్యం చూడటానికి. ఆ నివేదికలో తండ్రి ప్రశ్నలు చదువుతుంటే కోర్టులో అయితే ప్లీడరు లేచి నిలబడేవాడు. గుర్రం పడిపోయినప్పుడు నాన్న గుర్తొచ్చాడా, నాన్న కూడా అలా పడి చచ్చిపోతే బాగుండుననుకున్నావా అని అడుగుతాడు. కావచ్చు, అలా అయ్యుండొచ్చు అంటాడు పిల్లవాడు. అయిదేళ్ళవాడికి నాన్న ముఖంలో ఏ జవాబు కోసం ఎదురుచూపు ఉందో కనిపెట్టడం పెద్ద విద్య కాదు. ఫ్రాయిడ్‌కు ఇది తెలియక కాదు. పిల్లవాడు తనంతట తాను చెప్పలేని సంగతులు తామే అందించాల్సి వచ్చిందనీ, దానివల్ల సాక్ష్యం విలువ తగ్గుతుందనీ ఆయనే రాశాడు. వెంటనే, చికిత్స వేరు, పక్షపాతం లేని పరిశోధన వేరు అని జోడించాడు. న్యాయమే. కానీ చికిత్సగా మొదలైన ఆ కేసు పరిశోధన ఫలితంగా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. తత్త్వవేత్త కార్ల్ పాపర్ ఫిర్యాదు ఇంకా మొండిది. పిల్లవాణ్ణి ముంచడానికి నీళ్ళలోకి తోసినవాణ్ణీ, ప్రాణాలకు తెగించి కాపాడటానికి దూకినవాణ్ణీ ఒకే సిద్ధాంతం సమానమైన ధీమాతో వివరించగలిగితే, ఆ సిద్ధాంతం తప్పని తేల్చే మార్గమే లేదు కదా అన్నాడు. పిల్లవాడు అవునంటే అవును, కాదంటే అణిచిపెట్టుకున్నాడు.

దీనికి మించిన విషయం మరొకటి అదే నివేదికలో ఉంది, అచ్చులోనే. ఈ ‘పిచ్చి’ నీకు ఎప్పుడు పట్టుకుందని తండ్రి అడిగినప్పుడు పిల్లవాడు సూటిగా జవాబు చెప్పాడు. వీధిలో బస్సు లాగుతున్న గుర్రం పడిపోయి కాళ్ళు తన్నుకుంది, హడలిపోయాను, అప్పుడే పట్టుకుంది అన్నాడు. అప్పుడు పక్కనున్న తల్లి కూడా అవునంది. తండ్రీ ఫ్రాయిడూ ఈ మాటను తీసుకెళ్ళి, పడిన గుర్రం నాన్న అన్న అర్థం దగ్గర కట్టేశారు. 1960లో మనోవైద్యుడు జోసెఫ్ వోల్ప్, మనస్తత్వవేత్త స్టాన్లీ రాక్‌మన్ కేసు మొత్తం తిరగేసి, గుర్రం పడటం చూసి గుర్రమంటే భయపడ్డ పిల్లవాడికి ఈడిపస్ దేనికని అడిగారు. భయం నేర్చుకున్నాడు, రోజులు గడిచినకొద్దీ, గుర్రాలను కొద్దికొద్దిగా చూసినకొద్దీ ఆ భయం తగ్గింది. ప్రవర్తనావాదులైన వాళ్ళ వర్గానికి ఫ్రాయిడ్ మీద వేళాకోళం కొత్త కాదు. 1920లోనే వాట్సన్, రేనర్ కలిసి ఆల్బర్ట్ అనే పసివాడికి తెల్ల ఎలుక అంటే భయం నేర్పి, ఇంకో ఇరవై ఏళ్ళకు ఫ్రాయిడ్ శిష్యులు ఈ భయానికి ఎలాంటి లైంగిక కారణం తవ్వి తీస్తారో అని ఎగతాళిగా రాశారు. పసివాణ్ణి భయపెట్టి వదిలేసినవాళ్ళకు వేళాకోళమాడే ఓపిక ఎలా వచ్చిందన్నది వేరే సంగతి.

వోల్ప్ వివరణలో ఒక లోటుంది. గుర్రం పడటం చూసిన పిల్లలు ఆ వీధిలో చాలామంది ఉండే ఉంటారు. అందరూ నెలల తరబడి ఇంట్లో కూర్చోలేదు. మరి వీడే ఎందుకు? బ్రిటిష్ సైకోఅనలిస్ట్ జాన్ బౌల్బీ 1973లో ఈ ప్రశ్నతో అదే నివేదిక చదివాడు. ఆయనకు అందులో రెండో సూటి మాట కనిపించింది. ఒక పొద్దున్న పిల్లవాడు నాన్న మంచం దగ్గరికి వచ్చి, నువ్వు బయటికెళ్తే మళ్ళీ రావేమోనని భయం అన్నాడు. నేనెప్పుడైనా రానన్నానా అని తండ్రి అడిగాడు. నువ్వు కాదు, అమ్మ అంది, వెళ్ళిపోతానంది, ఇక రానంది అన్నాడు. నువ్వు అల్లరి చేశావు గనక అని ఉంటుంది అన్నాడు తండ్రి. అవునన్నాడు. సంభాషణ అక్కడితో ముగిసింది. ఆ ముడి పట్టుకుంటే మిగతావన్నీ కదిలి వస్తాయి. భయం మొదలవడానికి ముందే ఒక రోజు వాడు ఏడుస్తూ లేచాడు. అమ్మ వెళ్ళిపోయిందని కల వచ్చింది. పార్కుకి వెళ్ళినప్పుడు ఏడ్చింది గుర్రాన్ని చూసి కాదు, అమ్మ కావాలని. గుర్రం కరుస్తుందన్న హెచ్చరిక విన్నది కూడా ఒక ఎడబాటు వేళే: వేసవి మకాంలో తోటి పాప ఊరెళ్ళిపోతుండగా బండి దగ్గర ఆ పాప తండ్రి అన్న మాట అది. ఇంట్లోంచి కదలనని మంకుపట్టు పట్టిన పిల్లవాడు వీధిలో ఏముందోనని కాదు, తిరిగొచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారోనని భయపడ్డాడన్నది బౌల్బీ అర్థం.

‘అల్లరి చేస్తే నిన్నొదిలేసి పోతాను’ అనని తల్లి మన వైపు మాత్రం ఎంతమంది? అనగానే పిల్లలందరికీ జబ్బు చేయదు. కానీ ఆ ఇంట్లో ఆ బెదిరింపు ఉత్తది కాకపోవచ్చు. కర్ట్ ఐస్లర్ అనే సైకోఅనలిస్ట్ తరువాత గ్రాఫ్‌తో చేసిన సంభాషణలు చాలా ఏళ్ళకు పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. ఆ కాపురం మొదటినుంచీ సుఖంగా లేదని వాటిలో ఉంది. తరువాత విడాకులయ్యాయి. ఫ్రాయిడ్ మాత్రం కేసులో ఆ తల్లిని మంచి తల్లిగా, బిడ్డ క్షేమం కోరే మనిషిగానే చూపించాడు. ఆమె ఒకప్పుడు తన పేషెంటు. తన దగ్గర బాగుపడి వెళ్ళిన మనిషి మీద డాక్టరుకు కాస్త మెతకదనం ఉండటంలో ఆశ్చర్యం లేదు.

నా మట్టుకు ఈ కేసులో అన్నిటికంటే విచిత్రం ఇదే. మనిషి చెప్పని మాట కూడా వినాలని పుట్టిన శాస్త్రం, తన మొట్టమొదటి పిల్లవాడు నోరు విప్పి రెండుసార్లు చెప్పిన మాట వినలేదు. ఒక మాటకు 51 ఏళ్ళు, రెండోదానికి 64 ఏళ్ళు పట్టింది. అయితే ఆ రెండు మాటలూ మనకు తెలియడానికి కారణం కూడా ఆ తండ్రీ ఫ్రాయిడే. తమ వాదానికి పనికిరానివాటిని కూడా కొట్టేయకుండా అచ్చు వేశారు. అంత నిజాయితీగా రాసిన నివేదిక కాబట్టే దాంతోనే వాళ్ళను ఓడించగలిగారు.

హెర్బర్ట్ గ్రాఫ్ పెరిగి పెద్దవాడై ఒపెరా దర్శకుడయ్యాడు. 1936 నుంచి న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో ఏళ్ళ తరబడి పనిచేశాడు, చివరికి జెనీవాలో స్థిరపడ్డాడు. 1922లో, పంతొమ్మిదేళ్ళప్పుడు, నేనే ఆ లిటిల్ హాన్స్‌ని అంటూ ఫ్రాయిడ్ ముందు ప్రత్యక్షమయ్యాడు. దృఢంగా, చలాకీగా ఉన్నాడు. కేసు చదివితే తన గురించి అనే అనిపించలేదట. వేసవి మకాం పేరు వచ్చిన చోట మాత్రం కాస్త అనుమానం తగిలిందట. గుర్రాలు, ప్రొఫెసరు, ఏమీ గుర్తులేవు. చికిత్స తన పని ముగించుకుని తానూ మరుపులో కలిసిపోయిందని ఫ్రాయిడ్ సంతోషించాడు. గుర్తుండి ఉంటే ఏమనేవాడో పాపర్‌ని అడగాలి. బౌల్బీ పుస్తకం వచ్చిన 1973లోనే హెర్బర్ట్ చనిపోయాడు.

ఫ్రాయిడ్ తరువాతివాళ్ళు అసలైన పిల్లల దగ్గరికి వెళ్ళారు. ఆయన కూతురు అనా ఫ్రాయిడ్, లండన్ చేరిన మెలనీ క్లైన్ ఇద్దరూ పిల్లలతో పనిచేశారు గానీ ఒకరితో ఒకరు పడలేదు. 1940లలో బ్రిటిష్ సొసైటీ వీళ్ళ తగాదాతో రెండు ముక్కలయ్యేదాకా వెళ్ళింది. పిల్లల డాక్టరు డొనాల్డ్ వినికాట్ మధ్యేమార్గం పట్టాడు. తల్లి తప్పులు చేస్తుంది, తగినంత మంచిదైతే చాలు అన్నాడు. అమ్మ పాత చీరముక్క పట్టుకుని నిద్రపోయే పిల్లలను చూసి, ఆ గుడ్డ అమ్మా కాదు, వట్టి గుడ్డా కాదు, రెండిటి మధ్య పిల్లవాడు తానే కట్టుకున్న వంతెన అని చెప్పింది ఆయనే. దాన్ని ఉతికేసిన ఇంట్లో ఆ రాత్రి ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళకు ఈ సిద్ధాంతానికి రుజువు అక్కర్లేదు. బౌల్బీ, మేరీ ఐన్స్‌వర్త్ మాత్రం రుజువులే కావాలన్నారు. ఏడాది పిల్లలను తల్లితో ఒక గదిలో ఉంచి, తల్లి రెండుసార్లు బయటికెళ్ళి తిరిగొచ్చేలా ఐన్స్‌వర్త్ ఒక పరీక్ష ఏర్పాటు చేసింది. మొత్తం ఇరవై నిమిషాలు. చూడాల్సింది వెళ్ళినప్పుడు ఎంత ఏడ్చాడని కాదు, వచ్చాక ఎంత తొందరగా ఊరడిల్లాడని. దశాబ్దాల తరబడి అలాంటి పిల్లలను వెంబడించిన పరిశోధనల్లో మొదటి ఏళ్ళ ప్రభావం కనిపిస్తూనే ఉంది. అయితే అది తలరాత కాదు. తరువాత దొరికిన మనుషులు, బళ్ళు, స్నేహాలు దాన్ని చాలావరకు తిరగరాస్తాయి.

ఈ సంప్రదాయం మామూలు జనానికి చేసిన మేలు చెప్పాలంటే బాయిలర్ దగ్గరికి వెళ్ళాలి. యుద్ధకాలంలో అనా ఫ్రాయిడ్ లండన్‌లో నడిపిన శిశుగృహాల్లో బాయిలర్ చూసుకుంటూ, మరమ్మతులు చేసే పనికి జేమ్స్ రాబర్ట్‌సన్ అనే అతను కుదిరాడు. అక్కడ వంటవాళ్ళతో సహా ఎవరు పిల్లల్లో ఏం గమనించినా చీటీ మీద రాయాలన్నది నియమం. అతనూ రాశాడు. అలా మొదలై 1948లో బౌల్బీ బృందంలో చేరాడు. ఆ రోజుల్లో బ్రిటిష్ ఆస్పత్రుల్లో చేరిన పిల్లల దగ్గరికి తల్లిదండ్రులను వారానికి ఒకసారి రానిస్తే గొప్ప. కొన్నిచోట్ల అసలే రానిచ్చేవాళ్ళు కాదు. నర్సుల వాదన అనుభవం మీద కట్టినదే: పిల్లలు రెండ్రోజులు ఏడుస్తారు, ఆ తరువాత ‘సర్దుకుంటారు’, తల్లి వస్తే మళ్ళీ ఏడుపు మొదలు. కాబట్టి ఏడుపుకు కారణం తల్లి రావడమే.

రాబర్ట్‌సన్ ఒక కెమెరా కొన్నాడు. చిన్న ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్న రెండున్నరేళ్ళ పాపను, ఎంపిక చేసి తీశావన్న మాట రాకుండా రోజూ నిర్ణీత వేళల్లో చిత్రీకరించాడు. పాప పెద్దగా ఏడవదు. అమ్మ ఏదని మామూలుగా అడుగుతుంది, బొమ్మ పట్టుకుని కూర్చుంటుంది, ముఖం రోజురోజుకీ మూసుకుపోతుంది. అమ్మ వచ్చినప్పుడు తల తిప్పుకుంటుంది. 1952లో ఈ సినిమాను డాక్టర్లకు, నర్సులకు వేసి చూపిస్తే హాలులో చాలామందికి కోపం వచ్చింది. ఆస్పత్రికి చెడ్డపేరు తెచ్చావన్నారు. ఆ సర్దుకోవడం అసలు సర్దుకోవడమే కాదనీ, మొదట తిరగబడి, ఆ పైన ఆశ వదులుకుని, చివరికి ఎవరూ అక్కర్లేనట్టు తయారవడమనీ రాబర్ట్‌సన్ వాదించాడు. ఊరూరా తిప్పి చూపించాడు. 1959లో ప్లాట్ కమిటీ తన నివేదికలో, పిల్లల వార్డులోకి తల్లిదండ్రులను ఏ వేళలోనైనా రానివ్వాలనీ, మరీ చిన్నపిల్లలైతే తల్లి కూడా అక్కడే ఉండే వీలు కల్పించాలనీ ప్రభుత్వానికి సిఫార్సు చేసింది. అన్ని ఆస్పత్రులూ తలుపులు తెరవడానికి మరి చాలా ఏళ్ళే పట్టింది. ఆ ఏళ్ళన్నీ తల్లులు సంఘాలు పెట్టుకుని అడగాల్సి వచ్చింది.